90 పౌండ్లు కట్టేస్తే పోయేదా?

మా అమ్మానాన్నలు తెనాలికి తిరుగు ప్రయాణమైన రోజు అది. 2019 జూలై. ఐదు నెలలు మాతో ఉండి, మనవరాలికి ఎక్కాలు, మనవడికి చదరంగం నేర్పి వెళ్తున్నారు. హీత్రూ విమానాశ్రయం మా ఇంటికి ముప్పావు గంట దూరం. ఉదయం ఆరుంపావుకు రెండు సూట్‌కేసులూ గుమ్మం దగ్గర పెట్టి, కారు డిక్కీ తీద్దామని బయటికి వచ్చాను. మా కారు ముందు చక్రానికి పసుపు రంగు క్లాంపు బిగిస్తూ ఇద్దరు మనుషులు కనిపించారు.

ఏమిటిదని అడిగాను. వాళ్లలో ఒకాయన చేతిలో ఉన్న కాగితం చూసి ఒక పేరు చదివాడు. మీరేనా అన్నాడు. ఆ పేరు నాది కాదు. ఐదు వారాల క్రితం నాకు ఆ కారు అమ్మినాయనది. ఆయన ఎప్పుడో కౌన్సిల్‌కు కట్టకుండా వదిలేసిన పార్కింగ్ జరిమానా పెరిగి పెరిగి వారెంటు దాకా వచ్చింది. ఫీజులతో కలిపి నాలుగు వందల పౌండ్ల పైచిలుకు. అది కడితేనే క్లాంపు తీస్తామన్నారు.

ఆ తర్వాత గంట గడిచేసరికి అమ్మానాన్నలు నేను లేకుండానే టాక్సీలో విమానాశ్రయానికి వెళ్లిపోయారు. నేను మా వీధిలో నిలబడి ఉన్నాను. నా చేతిలో పోలీసులు రాసిచ్చిన 90 పౌండ్ల పెనాల్టీ నోటీసు ఉంది. పార్కింగ్ కోసం కాదు. బహిరంగ ప్రదేశంలో అలజడి కలిగించినందుకు.

ఇది జరిగి ఏళ్లయింది. ఈ మధ్య మాకు తెలిసిన ఒక విద్యార్థికి ఇలాంటి నోటీసే వచ్చింది. “అన్నా, కట్టేస్తే పోతుందా?” అని ఫోన్ చేశాడు. ఆ రోజు నన్ను నేను వేసుకున్న ప్రశ్న కూడా అదే. ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. వేరే దేశాల్లో చట్టాలు వేరు. కానీ నోటీసు చేతికి రాగానే మన గుండెల్లో పుట్టే భయం మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఏ కాగితం ఎవరిది?

మనవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. సూపర్‌మార్కెట్ కార్ పార్కుల్లో ప్రైవేటు కంపెనీలు ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీసు. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీసు. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు. మొదటిది ఒక కంపెనీ, ఒప్పందం తప్పావంటూ పంపే బిల్లు. రెండోదానికి చట్టం బలం ఉంది. కట్టకపోతే పెరుగుతుంది, వారెంటు అవుతుంది, చివరికి బెయిలిఫ్‌లు వస్తారు. వాళ్ల అధికారిక పేరు ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్లు. నాకు పోలీసులు ఇచ్చింది ఈ రెండూ కాదు. 2001 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పోలీస్ యాక్ట్ కింద ఇచ్చే పెనాల్టీ నోటీస్ ఫర్ డిజార్డర్ అది.

క్లాంపుల సంగతీ అంతే. ప్రైవేటు స్థలంలో చట్టబద్ధమైన అధికారం లేకుండా కారుకు క్లాంపు వేయడం ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 అక్టోబర్ 1 నుంచి నేరం. స్కాట్లాండ్‌లో 1992 కోర్టు తీర్పుతోనే ఆ దందా ఆగిపోయింది. కాబట్టి అపార్ట్‌మెంట్ కార్ పార్కులో ఎవరో కంపెనీవాడు క్లాంపు వేసి డబ్బు అడిగితే నిలదీయవచ్చు. కానీ కోర్టు వారెంటుతో వచ్చే ఏజెంట్లకు ఆ అధికారం ఉంది. రోడ్డు టాక్స్ కట్టని బండికి డీవీఎల్‌ఏ తరఫున క్లాంపు వేసేవాళ్లకూ ఉంది. ఇక్కడ ఇంకో మాట. 2014 అక్టోబర్ 1 నుంచి పాత యజమాని కట్టిన రోడ్డు టాక్స్ బండితోపాటు మనకు రాదు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న రోజే మన పేరున మళ్లీ కట్టాలి. ఈ సంగతి తెలియక క్లాంపు వేయించుకున్నవాళ్లు మా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు.

నా విషయంలో వాళ్లకు వారెంటు ఉంది. కానీ వారెంటు ఒక మనిషి అప్పు మీద. ఆ మనిషికి చెందిన వస్తువులనే వాళ్లు స్వాధీనం చేసుకోవాలి. కారు నాది. ఇది నాకు తెలుసు. తెలుసు కాబట్టే గొంతు లేచింది.

ఆ ముప్పావు గంట

లాగ్ బుక్ తెచ్చి చూపించాను. నా పేరు మీదే ఉంది. “ఇది యజమాని ఎవరో చెప్పే పత్రం కాదు సార్, రిజిస్టర్డ్ కీపర్ ఎవరో చెప్పేది” అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన చెప్పింది నిజమే, ఆ పత్రం మీదే అలా అచ్చు వేసి ఉంటుంది. యజమానినని చూపించడానికి కావలసింది కొన్న రసీదు, బ్యాంకు నుంచి డబ్బు పంపిన రుజువు. ఇరవై ఏళ్లుగా డేటాబేసుల మీద బతుకుతున్న నేను ఆ ఐదు నిమిషాల్లో నా సొంత రసీదు ఎక్కడుందో వెతికి పట్టుకోలేకపోయాను.

టైము దాటిపోతోంది. నేను వాళ్ల వ్యానుకూ నా కారుకూ మధ్య నిలబడి అరవడం మొదలుపెట్టాను. నాన్న వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. ఆయనతో తెలుగులో రెండు మాటలు అన్నాను. ఏజెంట్లలో ఒకాయన పోలీసులకు ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల్లో ఇద్దరు వచ్చారు. ముందు వాళ్ల మాట విన్నారు, తర్వాత నా మాట విన్నారు. వింటున్నంతసేపూ నేను అరుస్తూనే ఉన్నాను. ఈలోపు మా ఆవిడ టాక్సీ పిలిచి, పిల్లలను పక్కింటివాళ్లకు అప్పగించి, అమ్మానాన్నలను ఎక్కించుకుని వెళ్లిపోయింది. అమ్మ టాక్సీ కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేను పోలీసాయనతో వాదనలో ఉండి చూడలేదు. ఆ సంగతి తర్వాత మా అమ్మాయి చెప్పింది.

1986 నాటి పబ్లిక్ ఆర్డర్ యాక్ట్‌లో సెక్షన్ 5 ఉంది. బెదిరించేలా, దూషించేలా లేదా అల్లరిగా ప్రవర్తించి, చూసేవాళ్లకు, వినేవాళ్లకు వేధింపో భయమో బాధో కలిగేలా చేస్తే నేరం. దాని కిందే నాకు నోటీసు రాశారు. నేను వాళ్లను తెలుగులో బెదిరించానని ఏజెంట్లు చెప్పారట.

కారు సంగతి త్వరగానే తేలింది. ఆ మధ్యాహ్నమే రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు కౌన్సిల్‌కూ ఆ కంపెనీకీ పంపాను. మర్నాడు క్లాంపు తీసేశారు. ఒక్క పౌండు కూడా కట్టలేదు. ఆరుంపావుకు నేను చేయాల్సిన పని కూడా అదే. కాగితాలు పంపి, టాక్సీ పిలుచుకుని, అమ్మానాన్నలతో విమానాశ్రయానికి వెళ్లడం.

కట్టాలా, కోర్టుకు వెళ్లాలా?

మిగిలింది పోలీసు నోటీసు. వెనకవైపు రెండు దారులు రాసి ఉన్నాయి. 21 రోజుల్లో 90 పౌండ్లు కట్టడం, లేదా కోర్టు విచారణ కోరడం. రెండూ చేయకపోతే జరిమానా ఒకటిన్నర రెట్లు, అంటే 135 పౌండ్లయి, కోర్టు జరిమానాలాగే వసూలు చేస్తారు. హైదరాబాద్‌లో ట్రాఫిక్ చలానాలు పేరుకుపోయినా ఎప్పుడో రాయితీ ప్రకటిస్తారులే అని ఆగే అలవాటు మనవాళ్లకు ఉంది. 2022లోనూ 2023 చివరలోనూ అలా ఇచ్చారు కూడా. ఇక్కడ ఆ ఆశ పెట్టుకుంటే మునుగుతాం.

కడితే నేరం ఒప్పుకున్నట్టు కాదు. శిక్ష పడినట్టూ కాదు. ఆ విషయంలో ఇక కేసు ఉండదు. వినడానికి హాయిగా ఉంది. కానీ సెక్షన్ 5 నోటీసు వివరం పోలీసు కంప్యూటర్‌లో నమోదవుతుంది. పిల్లలతో పనిచేసేవాళ్లకు చేసే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ తనిఖీలో, అవసరమనుకుంటే పోలీసులు దాన్ని బయటపెట్టవచ్చు. నేను ఆదివారాలు ఒక హాలులో పాతిక మంది పిల్లలకు తెలుగు చెబుతాను. ఆ తనిఖీ నాకు తప్పదు. ‘అలజడి’ అనే మాట నా పేరు పక్కన చేరితే, పిల్లల తల్లిదండ్రుల ముందు ఎలా నిలబడాలి?

మరోవైపు కోర్టుకు వెళ్లడం చిన్న విషయం కాదు. ఓడితే అది నేర నిర్ధారణ. సెక్షన్ 5 కింద 1,000 పౌండ్ల దాకా జరిమానా, పైన ఖర్చులు. ఆ శరదృతువులోనే మేము పౌరసత్వానికి దరఖాస్తు చేద్దామనుకున్నాం. సత్ప్రవర్తన ఉండాలన్నది దానికి షరతు.

మా ఆవిడ మాట సూటిగా ఉంది. “90 పౌండ్ల కోసం పదేళ్ల కష్టాన్ని పందెం కాస్తారా? మీరు అరిచిన మాట నిజమే కదండీ.” నాన్న ఫోన్‌లో “ఎంతైతే అంత కట్టేసి ఊరుకో నాయనా, పరాయి దేశంలో పోలీసులతో మనకెందుకు” అన్నారు. స్నేహితులు రెండుగా చీలారు. ఒకాయన మనం ఇక్కడ అతిథులం అన్నాడు. ఇంకొకాయన జాతి వివక్ష కేసు పెట్టెయ్యమన్నాడు.

ఈ మాటల్లో మా ఆవిడ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే అది నిజం. నేను అరిచాను. కానీ అరవడం వేరు, బెదిరించడం వేరు. నా ప్రవర్తన సహేతుకమైనదని నిరూపించుకుంటే అది రక్షణ అని ఆ సెక్షన్‌లోనే ఉంది. 2014 ఫిబ్రవరి నుంచి ‘అవమానించే’ అనే మాటను కూడా ఆ సెక్షన్‌లోంచి తీసేశారు. నాది కాని అప్పుకు నా కారు కట్టేస్తుంటే గొంతెత్తడం అసహజమా?

పద్దెనిమిదో రోజున కోర్టు విచారణ కోరుతూ ఫారం పంపాను. రిజిస్టర్డ్ పోస్టులో.

వీడియో చెప్పిన నిజం

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. పోలీసుల దుస్తులకు, ఆ ఏజెంట్ల చొక్కాలకు కూడా కెమెరాలు ఉన్నాయి. అందులో మనం కనిపిస్తే ఆ వీడియో అడిగే హక్కు మనకుంది. నేను మూడో రోజే ఇద్దరికీ రాశాను. కానీ ఇవ్వడానికి వాళ్లకు చట్టం ఇచ్చిన గడువు ఒక నెల. నోటీసుకు జవాబు చెప్పడానికి నాకున్న గడువు 21 రోజులు. అంటే సాక్ష్యం చూడకముందే నేను నిర్ణయం తీసుకోవాలి. ఈ వ్యవస్థలో నాకు కనిపించిన అసలు లోపం ఇది. భయపడినవాడు కట్టేస్తాడు, మొండివాడు ఎదిరిస్తాడు. సాక్ష్యం చూసి తేల్చుకునే వీలు ఇద్దరికీ లేదు.

ఐదో వారంలో వీడియోలు వచ్చాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం కూర్చుని చూశాం.

నేను ఎవరినీ తిట్టలేదు. చెయ్యి చేసుకోలేదు. తెలుగులో బెదిరించానన్న మాట స్పష్టంగా వినిపించింది. “మీరు లోపలికి వెళ్లండి నాన్నా, నేను చూసుకుంటాను.” నాన్నతో అన్న మాట అది. కోపంతో అన్నాను కాబట్టి, భాష తెలియనివాడికి బెదిరింపులా వినిపించి ఉండవచ్చు. ఆ మాటల అనువాదం, వీడియోలో అది వచ్చే నిమిషం, సెకను రాసి పోలీసులకు ఉత్తరం పెట్టాను.

కానీ ఇంకొకటి కూడా కనిపించింది. పోలీసాయన నన్ను ఒక్కసారి కూడా శాంతించమని అడగకుండానే నోటీసు రాశాడని నేను అందరికీ చెప్పాను. నమ్మాను కూడా. వీడియోలో ఆయన రెండుసార్లు అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నేను ఆయన మొహం మీద వేలు ఆడిస్తూ మాట్లాడుతున్నాను. ఆయన వెనక, గుమ్మంలో నాన్న సూట్‌కేసు పట్టుకుని నిలబడి ఉన్నారు. కొడుకును పోలీసులు తీసుకుపోతారేమోనన్న భయం ఆయన మొహంలో కనిపిస్తోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి లైటు వేసింది.

ఇలాంటి నేరాలకు ఆరు నెలల్లోపు కేసు పెట్టాలి. ఆ గడువు ముగిసేదాకా పౌరసత్వం ఫారం జోలికి వెళ్లలేదు. గుమ్మంలో ఉత్తరం పడిన చప్పుడైతే ఉలిక్కిపడేవాళ్లం. నాలుగో నెలలో రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. తదుపరి చర్య ఏమీ లేదని. క్షమాపణ లేదు. నేనూ ఆశించలేదు. మరుసటి ఏడాది దరఖాస్తు పెట్టుకున్నాం, పౌరసత్వం వచ్చింది. ఆదివారం తెలుగు తరగతి నడుస్తూనే ఉంది.

ఇంతకీ నా మాట

గెలిచాను కాబట్టి అందరూ ఎదిరించండని నేను అనను. వీడియోలో నా నోట ఒక బూతు మాట ఉండి ఉంటే నా కథ ఇంకోలా ముగిసేది. ఆ రోజు నిజంగా బెదిరించి ఉంటే 90 పౌండ్లు కట్టి బయటపడటమే తెలివైన పని. అది తక్కువ ధరకే వదిలేయడం కూడా.

నాకు నచ్చనిదల్లా, ఏం చేశామో ఆలోచించకుండా భయంతో కట్టేయడం. ఆ నోటీసు తీర్పు కాదు. నువ్వు ఇది చేశావని మేం అనుకుంటున్నాం, నువ్వేమంటావు అని పోలీసులు అడగడం. దానికి జవాబు మనసులో వెతుక్కోవాలి, బ్యాంకు ఖాతాలో కాదు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని ముందే డబ్బు తీసేవాడికి నిజంగా తప్పు చేశాడో లేదో కూడా తెలియకుండా పోతుంది. అతిథులం అన్న మాట కూడా నాకు ఒప్పుదల కాదు. ఇక్కడ పన్ను కడుతున్నాం, పిల్లలను పెంచుతున్నాం. చట్టం ఇచ్చిన రెండు దారుల్లో రెండోదీ మనదే.

అలాగని ప్రతిదానికీ వివక్ష అనడమూ సరికాదు. ఆ ఉదయం పోలీసాయన చేసింది పొరపాటే కావచ్చు. కానీ ఆ పొరపాటుకు సగం సామాను నేనే అందించాను.

మీకు ఎప్పుడైనా ఇలాంటిది ఎదురైతే ఈ నాలుగూ గుర్తుపెట్టుకోండి. కారు కొన్న రసీదు, డబ్బు పంపిన రుజువు ఫోన్‌లో ఒకచోట పెట్టుకోండి. క్లాంపు వేసినవాళ్లను వారెంటు, గుర్తింపు కార్డు చూపించమని నెమ్మదిగా అడగండి, ఫోన్‌లో వీడియో తీయండి. వారెంటు మీద వచ్చినవాళ్లు రోడ్డు మీద క్లాంపు వేశాక కనీసం రెండు గంటలు ఆగకుండా బండిని తీసుకుపోకూడదు. కాబట్టి ఆ క్షణంలోనే తేల్చేయాలన్న తొందర వద్దు. పోలీసులు నోటీసు ఇస్తే మీరేం అన్నారో, ఎవరు చూశారో ఆ రాత్రే కాగితం మీద రాసిపెట్టుకోండి. గడువు తేదీ నోటీసు వెనకే ఉంటుంది. సిటిజన్స్ అడ్వైస్ లాంటి చోట ఉచితంగా సలహా దొరుకుతుంది.

మన సంఘాలకూ ఒక విన్నపం. ఉగాదికీ బతుకమ్మకూ హాళ్లు బుక్ చేసి వందల మందిని కలుపుతున్నాం. ఆ రోజు పులిహోర వడ్డించే ముందు అరగంట ఒక న్యాయవాదిని పిలిచి, ఏ కాగితానికి ఏం చేయాలో చెప్పించండి. కొత్తగా వచ్చి, చదువుకుంటూ రాత్రిపూట డెలివరీలు చేసుకునే పిల్లలకు పాటల కచేరీ కంటే అది ఎక్కువ అవసరం. వీసా భయంతో వాళ్లు ఎంత కట్టమంటే అంత కట్టేస్తున్నారు.

ఫోన్ చేసిన ఆ విద్యార్థికి చివరికి ఒకే ప్రశ్న వేశాను. “నిజంగా ఏమన్నావు తమ్ముడూ? వీడియో ఉంటే అందులో ఏం వినిపిస్తుంది?” అవతల కాసేపు మాట లేదు. “కట్టేస్తానన్నా” అన్నాడు. తెలిసి కడుతున్నాడు కాబట్టి సరేనన్నాను.

ఆ ఉత్తరం వచ్చిన రోజు నాన్నకు ఫోన్ చేశాను. సంతోషించారు. తర్వాత, “ఆ రోజు నువ్వు విమానాశ్రయానికి వచ్చి ఉంటే ఇంకా బాగుండేదిరా” అన్నారు. మరుసటి ఏడు మళ్లీ వద్దామనుకున్నారు, కోవిడ్ వచ్చిపడింది. మూడేళ్లకు గానీ నాన్నను చూడలేకపోయాను. కేసు పోయింది, రికార్డు శుభ్రంగా ఉంది. అమ్మ టాక్సీ కిటికీలోంచి ఊపిన చెయ్యి మాత్రం ఏ కెమెరాలోనూ లేదు.